ఇకమీదట మాకు కార్డులు పంపవద్దు

పోయిన డిసెంబరులో మా చర్చిలో కుర్రాళ్ళు ఒక మీటింగు పెట్టారు. ఫోన్లలో మెసేజీలు వచ్చాక క్రిస్మస్ కార్డులు పంపుకునే మంచి ఆచారం మూలనపడిందనీ, దాన్ని మళ్ళీ నిలబెట్టాలనీ, ప్రతి ఇంటివాళ్ళూ కనీసం నలుగురికైనా కార్డులు పోస్టు చేయాలనీ వాళ్ళ ఉద్దేశం. మంచిదే. "టీచరుగారూ, మీ రోజుల్లో ఎలా పంపుకునేవాళ్ళో రెండు మాటలు చెప్పండి" అంటూ మైకు తెచ్చి నా చేతిలో పెట్టారు. నాకు ఒళ్ళు మండింది. ఫోన్లొచ్చి పోయిందట ఆచారం! మా ఇంట్లో అది పోయేనాటికి మా ఊరంతటికీ ఫోను జిన్నింగు మిల్లు యజమాని ఇంట్లో ఒక్కటే ఉండేది. గొంతు బాగాలేదని చెప్పి మైకు తిరిగిచ్చేశాను. ఆ రోజు చెప్పని మాటలు ఇక్కడ రాస్తున్నాను. రెండింటితో అయ్యేవి కావు.

మా నాన్న మిషను ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. చిలకలూరిపేటలో బస్సెక్కితే అరగంటలో మా ఊరు. ఊరు దాటాక పత్తి చేలను ఆనుకుని మా పల్లె. ఊళ్ళోవాళ్ళు ఊళ్ళో, మావాళ్ళు పల్లెలో. అది ఎవరూ చెప్పనక్కర్లేని ఏర్పాటు. పల్లెలో పెంకుల కప్పుది ఒకే ఒక పెద్ద గది ఉండేది. వారమంతా అది బడి, ఆదివారం అదే గుడి. నాన్న రెండింటి తాళంచెవీ మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. పొద్దున ఎక్కాలు చెప్పిన బల్ల దగ్గరే ఆదివారం నిలబడి వాక్యం చదివేవాడు. సంఘంలో పెద్ద. మాట తప్పని మనిషని పేరు.

నవంబరు నెలాఖరు వచ్చిందంటే ఇంట్లో కార్డుల పని మొదలయ్యేది. కార్డులు కొనడమన్నది మాకు తెలీదు. మిషను దొరలున్న రోజుల్లో అమెరికా నుంచి పెట్టెల నిండా పాత క్రిస్మస్ కార్డులు వచ్చేవట. అక్కడి చర్చిల ఆడవాళ్ళు తమకొచ్చిన కార్డుల్ని పండగయ్యాక పోగుచేసి, పారేయబుద్ధి కాక, పేద దేశంలో పిల్లలకి బొమ్మలుగా పనికొస్తాయని పంపేవాళ్ళు. దొరలు వెళ్ళిపోయారు కానీ పెట్టెలు మిషను ఆఫీసు గదిలో ఉండిపోయాయి. చెదలు పడుతున్నాయని తెలిసి నాన్న అడిగి తెచ్చుకున్నాడు. ముందువైపు బంగారు రంగు అద్దిన గొర్రెలు, గంటలు, నక్షత్రం. లోపల మనకెవరికీ తెలియని ఎవరో అమ్మమ్మ తెలియని ఎవరో మనవరాలికి రాసిన ముద్దు మాటలు.

అమ్మ మైదా ఉడికించి జిగురు చేసేది. నాన్న ఆ బొమ్మను ఒద్దికగా కత్తిరించి, డ్రాయింగు షీటు రెండు మడతలు పెట్టి, దానిమీద అంటించేవాడు. వెనకవైపు దొరసానుల రాతలు పైకి కనబడకుండా జిగురు దట్టంగా పూసేవాడు. ఆరేదాకా ముడుచుకుపోకుండా వాటిమీద బడి పలకలు దొంతరగా పేర్చేవాడు. డిసెంబరు మొదటి వారమంతా మా అరుగుమీద నల్ల పలకల వరస ఉండేది. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని శుభాకాంక్షలూ చిరునామాలూ రాసే పని నాది. ఎర్ర సిరా, చీల్చిన పాళీ.

చిన్నప్పుడు ఒకసారి అడిగాను, ఆ బొమ్మల్లో ఇళ్ళమీదా చెట్లమీదా తెల్లగా పడి ఉన్నదేమిటి అని. "మంచు" అన్నాడు నాన్న. మంచు అట్లా కుప్ప పడుతుందా అన్నాను. ఆయన "మిల్లు దగ్గర కంచెమీద దూది పడి ఉండదా, అట్టాంటిదేలే" అన్నాడు. అమ్మ పత్తి రోజుల్లో ఆ మిల్లుకే పనికి వెళ్ళేది, సాయంత్రం దగ్గుకుంటూ వచ్చేది. అయితే ఆ దేశంలో కూడా అందరూ దగ్గుతారేమోననుకున్నాను.

కార్డుల్ని బుక్ పోస్టులో పంపేవాళ్ళం. తెలియనివాళ్ళకి చెబుతున్నాను: కవరు మూత అంటించకుండా లోపలికి దోపి, పైన బుక్ పోస్టు అని రాస్తే తక్కువ స్టాంపుతో పోయేది. షరతు ఏమిటంటే లోపల శుభాకాంక్షలూ సంతకమూ తప్ప కబుర్లు రాయకూడదు. మా ఆరోగ్యం బాగుంది, చేలో పురుగు పడింది, అమ్మాయి పాసయింది, ఇవేవీ పనికిరావు. కాబట్టి ఏడాదికొకసారి వచ్చే ఆ కార్డు చెప్పే సంగతి ఒక్కటే: నేను బతికే ఉన్నాను. వచ్చిన కార్డుల్ని నాన్న నడవలో గోడమీద ఈ మూల నుంచి ఆ మూలకి పురికొస లాగి దానికి వేలాడదీసేవాడు. మళ్ళీ డిసెంబరు దాకా అవి అక్కడే. ఒక ఏడు ఎవరి దగ్గర్నించైనా కార్డు రాకపోతే జనవరి మొదటి వారంలోనే నాన్న ఇన్‌లాండ్ లెటరు రాసేవాడు. చాలాసార్లు అది పరామర్శ ఉత్తరమే అయ్యేది.

అన్నిటికంటే ముందు వచ్చే కార్డు కొత్తపట్నం నుంచి. అక్కడ సముద్రం ఒడ్డు పల్లెలో ఒకాయన మా నాన్నలాగే మిషను టీచరు. ట్రైనింగు స్కూల్లో ఇద్దరూ ఒకే గదిలో ఉండి, ఒకే దుప్పటి కప్పుకుని చదువుకున్నారట. నేను పెదనాన్న అనేదాన్ని. ఉద్యోగాల్లో చేరాక వాళ్ళు కలుసుకున్నది సంఘాల మహాసభలప్పుడు ఏ రెండు మూడుసార్లో. కార్డు మాత్రం తప్పేది కాదు. ఆయన దగ్గరా ఇలాంటి పెట్టే ఒకటుండేది. ఎక్కడ దొరికేవో, ఏటా పడవ బొమ్మ వెతికి పంపేవాడు. నాన్న ఇక్కణ్ణించి గొర్రెల బొమ్మ పంపేవాడు. "వీడికి ఆ పడవ తప్ప ఇంకేం దొరకదు" అని ప్రతిసారీ అదే మాట అని ప్రతిసారీ నవ్వేవాడు. అమ్మకి విసుగొచ్చేది.

ఇంత భక్తిపరుడు నాన్న, బడి రిజిస్టరులో మా అన్నయ్య పేరు పక్కనా నా పేరు పక్కనా మతం అన్నచోట తన చేత్తోనే హిందూ అని రాశాడు. పల్లెలో పిల్లలందరికీ అంతే. క్రైస్తవుడు అని రాస్తే ఎస్సీ కాడు, బీసీ-సి. మతం మారినవాడికి కులం అంటదని సర్కారు లెక్క. అంటదట! సెంటర్లో టీ కొట్టు చూరులో మా గ్లాసులు విడిగా బోర్లించి ఉండేవి. తాగి, మేమే కడిగి, మళ్ళీ అక్కడే పెట్టాలి. ఆ కొట్టతను ఒక్కనాడూ మా మతం అడగలేదు. ఆదివారం గుడికెళ్ళొచ్చినవాడికి ఇత్తడి గ్లాసులో ఇవ్వలేదు. మేం దేవుణ్ణి మార్చుకున్నాం గానీ మా గ్లాసు మారలేదు. ఆ కాగితంమీద ఆ మాట రాసినందుకు నాకు ఇవాళ్టికీ సిగ్గు లేదు. సిగ్గుపడాల్సినవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళు హాయిగా ఉన్నారు.

అన్నయ్యకి ఒంగోల్లో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది, ఆ ఎస్సీ సర్టిఫికెట్టు మీదే. మా పల్లెలో గవర్నమెంటు ఉద్యోగం అదే మొదటిది. ఆ డిసెంబరులో నాన్న పొంగిపోయి అందరికంటే పెద్ద కార్డు కొడుక్కి చేశాడు. నక్షత్రమూ, కింద పశువుల పాకా. అన్నయ్య అద్దెకున్న గది చిరునామా మాకింకా తెలీదు. ఆఫీసుకి పంపాం. మామూలుగానే, మూత దోపి, బుక్ పోస్టు అని రాసి.

సంక్రాంతి సెలవులకి అన్నయ్య వచ్చాడు. అన్నం తింటూ తింటూ చెప్పాడు.

"నాకు కార్డు పంపొద్దు నాన్నా."

"ఏరా, అందలేదా?"

"అందింది. టపా గుమాస్తా కవర్లోంచి తీసి, చూసి, పక్కవాళ్ళకి చూపించి, అప్పుడు నాకిచ్చాడు. ఏమోయ్, నీక్కూడా వస్తాయా ఇవి అన్నాడు. కనీసం మూతన్నా అంటించలేకపోయావా?"

"మూత అంటిస్తే బుక్ పోస్టు ఎట్టా అవుద్దిరా?"

అన్నయ్య కంచంలో చేయి కడిగేసుకుని లేచిపోయాడు. నాన్నకి అసలు సంగతి అప్పటికీ పూర్తిగా ఎక్కలేదు. మూత గురించే పట్టించుకుంటున్నాడు. వీడికి నేను చేసిన కార్డు నామోషీ అయిందనుకున్నాడు. దుకాణంలో కొన్నది పంపాల్సిందేమోనని అమ్మతో అన్నాడు.

వర్షాలు వెనకబట్టేసరికి ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. మాకు కాదు, అన్నయ్య ఆఫీసుకి. ఫలానా అతను క్రైస్తవుడు, తండ్రి చర్చి పెద్ద, ఎస్సీ సర్టిఫికెట్టు దొంగది, ఇంట్లో నడవ గోడ నిండా క్రిస్మస్ కార్డులు కట్టి ఉంటాయి, ఏటా పోస్టులో పంపుతారు, విచారించవలెను అని. ఎవరు రాశారో ఇప్పటికీ తెలీదు. తెలుసుకోవాలని నాకు ఇప్పటికీ ఉంది. గోడ ఏదో కూడా రాశాడంటే వాడు మా నడవలో కూర్చుని మా అమ్మ పెట్టిన అరిసెలు తిన్నవాడే.

తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్త. విచారణ మా మండలాఫీసుకి వచ్చింది. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, అదే ఆర్.ఐ., వస్తున్నాడని ఊళ్ళో గ్రామ సేవకుడు ముందుగానే కబురందించాడు. అమ్మా నేనూ గోడమీది పురికొస తెంపి కార్డులన్నీ బియ్యం డబ్బాలో పడేశాం. సిలువ తీశాం. పక్కింట్లోంచి ఒక దేవుడి క్యాలెండరు తెచ్చి కొట్టాం. అప్పుడు చూస్తే, పొగకి నల్లబడిన సున్నం గోడమీద కార్డులు వేలాడినచోటల్లా తెల్లటి చదరాలు వరసగా ఉన్నాయి. తుడిస్తే పోయేవి కావవి.

ఆర్.ఐ. వచ్చి వాటివైపే చూశాడు. "ఇక్కడేం ఉండేవి?"

"క్యాలెండర్లండి" అంది అమ్మ.

"ఇన్ని క్యాలెండర్లా?"

ఆయన బయటికొచ్చి అరుగుమీద కూర్చోబోతూ, చోటు కోసం పలకల దొంతర పక్కకి జరిపాడు. కింద తడి ఆరని కార్డు, బంగారు నక్షత్రం. మేమిద్దరం గోడ సంగతి చూశాం గానీ పలకల సంగతి మర్చిపోయాం. ఏటా ఉండేవే కదా, అవి మా కళ్ళకి కనబడటం మానేసి చాలాకాలమయింది. ఆర్.ఐ. ఆ కార్డు తీసుకుని ఫైల్లో పెట్టుకున్నాడు. అది ఫైలుకి అంటుకుపోయుంటుంది.

నాన్నని వాఙ్మూలం ఇవ్వడానికి మండలాఫీసుకి రమ్మన్నారు. తోడు నేను వెళ్ళాను. ఎమ్మార్వో గారి బల్లమీద అద్దం పరిచి ఉంది. ఆ అద్దం కింద ఏమున్నాయో తెలుసా? క్రిస్మస్ కార్డులు. కొత్తవి, మెరుస్తూ ఉన్నవి, దుకాణంలో కొన్నవి. ఒకటి అద్దంమీద గుడారంలా నిలబెట్టి కూడా ఉంది, మంచు కురిసిన ఇళ్ళు, ఎర్ర టోపీ తాత. ఎమ్మార్వో గారి మెడలో జంధ్యం చొక్కా సందులోంచి కనబడుతోంది, నుదుట బొట్టు. నాన్న వాటినే చూస్తున్నాడని గమనించి, "మా పిల్లలవి లెండి. గుంటూరు కాన్వెంటులో చదువుతున్నారు. ఫ్రెండ్సు పంపుకుంటారు" అని నవ్వాడు. తర్వాత ఫైలు తెరిచాడు.

"ఏం మేష్టారూ, మీ ఇంట్లో క్రిస్మస్ కార్డులు కడతారటగా?"

నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కుర్చీ ఉంది, కూర్చోమనలేదు. ఈయన నిజం చెప్పేస్తాడేమోనని భయం. చెప్పేస్తే అన్నయ్య ఉద్యోగం పోవడమే కాదు, కేసు కూడా పెడతారని అన్నయ్య ఉత్తరంలో రాశాడు. అదే సమయంలో, చెప్పడేమోనని కూడా నాకు భయంగానే ఉంది.

"అవి బొమ్మలండి" అన్నాడు నాన్న. "బళ్ళో పిల్లలకి."

"మీరు హిందువులేగా?"

"చిత్తం."

"దేవుడికి దణ్ణం పెట్టుకుంటారా?"

"పెట్టుకుంటామండి."

ఎమ్మార్వో గారు చెడ్డవాడని నేను అనను. రిపోర్టు మాకు అనుకూలంగానే రాశాడు. రాసి, కలం మూత పెట్టి, దయగా చెప్పాడు: "ఇక ఆ కార్డులు మానెయ్యండి మేష్టారూ. పంపొద్దు, తెప్పించుకోవద్దు. మళ్ళీ ఎవడో ఒకడు అర్జీ పెడతాడు. మీ మంచికే చెబుతున్నా. ఎందుకొచ్చిన గోల?" ఆ మాట అంటున్నంతసేపూ ఆయన మోచేయి ఎర్ర టోపీ తాత పక్కనే ఉంది. ఆయన పిల్లలు పంపుకోవచ్చు. ఆయన బల్లమీద పెట్టుకోవచ్చు. క్రిస్మస్ కార్డు పట్టుకుంటే చేయి కాలేది క్రైస్తవుడికొక్కడికే.

ఇంటికొచ్చాక అమ్మ ఏమీ అడక్కుండానే అరుగుమీది కార్డులన్నీ తెచ్చి పొయ్యిలో పెట్టింది. మైదా జిగురు దట్టంగా ఉందేమో అవి అంత త్వరగా కాలలేదు. నాన్న గుమ్మంలో నిలబడి చూశాడు. గుడ్ ఫ్రైడే ఆరాధనలో ఏటా ఆయనే చదివే భాగం ఒకటుంది, ఆ మనిషెవరో నేనెరగనని శిష్యుడు బొంకిన చోటు. ఆ ఏడాది నుంచి దాన్ని వేరేవాళ్ళని చదవమన్నాడు. కళ్ళు కనబడటంలేదని చెప్పాడు. కళ్ళకేమీ కాలేదు.

పంపడం మానేశాం సరే. వచ్చేవాటిని ఎట్లా ఆపాలి? పండగ దగ్గరికొచ్చింది. పోస్టుమాన్ సైకిలు మీద ఊరి మధ్యనుంచి మా పల్లెకి వస్తూ దారిలో కనబడ్డవాళ్ళందరికీ "మేష్టారికి పండగ కార్డులొచ్చినయ్యి" అని చెప్పుకుంటూ వచ్చే మనిషి. అందుకని నాన్న పోస్టుకార్డులు తెప్పించాడు. కార్డులు పంపొద్దని చెప్పడానికి కార్డులు రాయడం మేమే చేసుంటాం లోకంలో.

నాన్న చెబుతుంటే నేను రాయడానికి కూర్చున్నాను.

"ప్రియ సహోదరులకు వందనములు. ఈ సంవత్సరము నుండి మాకు క్రిస్మస్ కార్డులు పంపవలదని..."

"నాన్నా" అన్నాను, "ఇది కూడా బయటికి కనబడే కార్డే. ఇందులో క్రిస్మస్ అని ఉంది."

"సరే, ఆ మాట తీసెయ్యి."

"వందనములు అంటే తెలిసిపోదా?"

"నమస్కారం అని రాయి."

"సహోదరులకు?"

"తీసెయ్యి."

ఒక్కో మాటా కొట్టేస్తూ పోయాం. మేం రోజూ మాట్లాడుకునే మాటల్లో మేమెవరో చెప్పని మాట ఇన్ని తక్కువని నాకు అప్పటిదాకా తెలీదు. చివరికి మిగిలింది ఇంతే: నమస్కారం. ఇకమీదట మాకు కార్డులు పంపవద్దు.

"కొత్తపట్నం పెదనాన్నకన్నా ఇన్‌లాండ్ లెటర్లో సంగతి రాసి, అంటించి పంపుదాం" అన్నాను.

"వద్దమ్మా. రాసింది ఎక్కడో ఒకచోట ఉండిపోద్ది. రేపు అది ఎవరి చేతిలోనన్నా పడితే మీ అన్నయ్య మెడకి నా మాటే ఉరైపోద్ది. మీ పెదనాన్నకేం, ఎప్పుడన్నా కలిసినప్పుడు చెప్తాలే. వాడికి నేనంటే తెలీదా?"

అందరికీ రాసినట్టే ఆయనకీ రాశాను. అదే వాక్యం.

ఎంత బుద్ధిగా విన్నారో అందరూ! ఆ డిసెంబరులో ఒక్క కార్డు రాలేదు. పోస్టుమానే అలవాటుకొద్దీ సైకిలు దిగి, "ఏంది మేష్టారూ, ఈ ఏడు ఒక్కటీ లేదే" అని పరామర్శించి పోయాడు. తర్వాత మహాసభలకెళితే కొందరు మా నాన్నని చూసి మొహం తిప్పుకున్నారని విన్నాను. కొడుక్కి ఉద్యోగమొచ్చాక మేష్టారికి మేం కనబడటం లేదని ఎవరో అన్నారట. కొత్తపట్నం నుంచి మంచీ లేదు, చెడ్డా లేదు. "వాడికి కోపమొచ్చింది" అన్నాడు నాన్న. మరుసటి డిసెంబరులోనూ, ఆపై డిసెంబరులోనూ అదే మాట. "వాడి కోపం ఇంకా తగ్గలేదు చూశావా?" ఆ మాటలో బాధకంటే ముద్దే ఎక్కువ ఉండేది. కోపమంటే వాడికి నేనింకా కావాలనేగా అని దాని అర్థం. నేనూ ఆ అర్థాన్నే నమ్మాను.

అన్నయ్య ఉద్యోగం నిలబడింది. నా ట్రైనింగుకి ఫీజు కట్టింది అన్నయ్యే. పండక్కి మాత్రం వచ్చేవాడు కాదు, సెలవు దొరకలేదనేవాడు. ఆ సెలవు గవర్నమెంటు అందరికీ ఇచ్చే సెలవే. అన్నయ్యమీద నాకు కోపముండేది, కానీ నోరెత్తే హక్కు లేదు. నేను చదివిన సీటూ ఆ సర్టిఫికెట్టు మీదే వచ్చింది. తర్వాత ఉద్యోగమూ దానిమీదే వచ్చింది.

ఆ ఉద్యోగం ఒంగోలు దగ్గర ఒక ఊళ్ళో. జూన్‌లో బడులు తెరిచేముందు నన్ను చేర్చడానికి నాన్న వచ్చాడు. చేరిన వారానికి, ఇంత దూరం వచ్చాం కదా, కొత్తపట్నం వెళ్ళొద్దామన్నాడు. అసలు ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే అనుకున్నట్టున్నాడు, సంచీలో ఎండు మిరపకాయలు మూట కట్టి తెచ్చాడు, మా చేలో కాసిన కొత్త కాయ. బస్సులో దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాడు. "ముందు తిడతాడు. తిట్టనీ. కాసేపు ఊరుకుని అప్పుడు చెప్తా. ఒరేయ్, నీకు గాక ఎవరికి చెప్పుకుంటానురా, పిల్లాడి బతుకు నా చేతిలో పెట్టారు, నేనేం చేసేది అంటా. వాడు ఇంకా తిడతాడు. తర్వాత ఏడుస్తాడు. వాడికి ఏడుపు దగ్గర." నాకు చెబుతూ తనే నవ్వాడు. మండలాఫీసు నుంచి వచ్చిన తర్వాత నాన్న అంతలా నవ్వడం నేను చూడలేదు.

ఊళ్ళో అడిగితే చర్చి పక్క ఇల్లు చూపించారు. వాకిట్లో మనుషులు కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి నాన్నని గుర్తుపట్టింది. ఆమె బోసి మెడ చూశాక నేను నాన్నవైపు చూడలేకపోయాను.

"రెండు క్రిస్మసులయింది అన్నయ్యగారూ, ఆయన పోయి" అంది.

నాన్న మిరపకాయల సంచీ చేతిలో అట్లాగే పట్టుకుని నిలబడిపోయాడు. "కబురన్నా చెయ్యలేదేమ్మా?" అన్నాడు.

"చేద్దామనే అన్నానండి. కార్డులే వద్దన్న మనిషికి చావు కబురు మాత్రం ఎందుకులే అమ్మా అన్నారు పిల్లలు."

తప్పు వాళ్ళది కాదు. ఒకప్పుడయితే డిసెంబరులో పడవ బొమ్మ రాకపోతే నాన్న జనవరిలో ఉత్తరం రాసేవాడు, ఆ వెంటనే బస్సెక్కేవాడు. మేమే పంపవద్దన్నాం. అందుకని రాకపోవడం మాకు మామూలయింది. నాన్న రెండేళ్ళపాటు కోపం తగ్గలేదని ముచ్చటగా చెప్పుకున్నది మట్టిలో ఉన్న మనిషి గురించి.

లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. ఆ నడవలోనూ గోడకి అడ్డంగా పురికొస ఉంది. దానికి నాన్న చేసిన గొర్రెలు, ఏటేటివో, వరసగా వేలాడుతున్నాయి. మావాళ్ళవే ఇంకొన్ని కార్డులున్నాయి. వరస చివర ఒక పోస్టుకార్డు, బొమ్మా రంగూ ఏమీ లేనిది, మధ్యకి దారం గుచ్చి కట్టి ఉంది. దూరం నుంచే నా అక్షరాలు నాకు తెలిశాయి. గుండ్రంగా ఉన్నాయి.

నాన్న దాని దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఆ ఏడు మీ దగ్గర్నించి వచ్చింది అదొక్కటేగా" అంది పెద్దమ్మ. "పండగనాడు దాన్నే కట్టించారు. అదేందయ్యా, అది కూడా కడతావా అన్నాను. వాడు పంపింది ఎట్టా పారేస్తానే అన్నారు."

తర్వాత ఆమె కాఫీ తెచ్చి, మా ఎదురుగా కింద కూర్చుని, ఎన్నాళ్ళుగానో దాచుకున్న మాట అడిగింది.

"మావల్ల ఏం తప్పు జరిగింది అన్నయ్యగారూ? మంచంలో పడ్డాక కూడా ఆయన అదే అనేవారు. వాడికి నేనేం చేశానే, వాడికి నేనేం చేశానే అని."

నాన్న నోరు తెరిచాడు. బస్సులో నాకు వినిపించిన మాటలన్నీ ఆయన దగ్గర ఉన్నాయి. వాకిట్లో వలల దగ్గర ఎవరో నవ్వారు. నాన్న తలుపువైపు చూశాడు. అన్నయ్య ఆఫీసు ఇక్కడికి ఒక్క బస్సు దూరం.

"ఏం లేదమ్మా" అన్నాడు.

ఆమె నావైపు చూసింది. ఎమ్మార్వో బల్ల దగ్గర నాన్న నిజం చెప్పడేమోనని భయపడినదాన్ని నేను. ఇప్పుడు నేను చెప్పొచ్చు. నా ఒళ్ళో చేతిసంచీ ఉంది. అందులో నా ఉద్యోగం ఆర్డరూ, దానికి కుట్టిన సర్టిఫికెట్టు నకలూ ఉన్నాయి.

"కాఫీ బాగుంది పెద్దమ్మా" అన్నాను.